తొలి వారాల్లో వేగంగా బరువు తగ్గడం

తిండి తగ్గించిన మొదటి రెండు మూడు వారాల్లో బరువు గబగబా దిగి, ఆ తర్వాత నెమ్మదించడం దాదాపు అందరిలోనూ కనిపించేదే. స్థూలకాయులకు, అదీ వైద్యుల కనుసన్నల్లో జరిగితే, ఈ వేగం సాధారణంగా హాని చేయదు. దిగిన కిలోలన్నీ కొవ్వే అనుకోవడం మాత్రం సరికాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాల ప్రకారం వారానికి అరకిలో తగ్గడం సురక్షితం. బరువు తగ్గించే ఆహారమైనా రోజుకు 1,000 కిలోకేలరీలకు తక్కువ కాకూడదు.

మొదట దిగేది ఏమిటి

కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో సుమారు 400 గ్రాముల పిండిపదార్థం గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది. ప్రతి గ్రాము తనతో మూడు గ్రాముల దాకా నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం, రొట్టె మానేసిన రెండు మూడు రోజుల్లో ఈ నిల్వ చాలావరకు ఖర్చయిపోయి, పట్టి ఉన్న నీళ్లు మూత్రంలో పోతాయి. ఇన్సులిన్ తగ్గడంతో మూత్రపిండాలు ఉప్పును కూడా ఎక్కువగా వదులుతాయి, దాని వెంట మరికొంత నీరు పోతుంది. అలా కొవ్వు పెద్దగా కరగకుండానే కిలోన్నర, రెండు కిలోలు తగ్గుతాయి. మళ్లీ నాలుగు పూటలు కడుపునిండా తింటే అవి తిరిగి వచ్చేస్తాయి.

మిగతాది లెక్క. ఒక కిలో శరీరపు కొవ్వులో సుమారు 7,700 కిలోకేలరీలు ఉంటాయి. వారంలో మూడు కిలోల కొవ్వు కరగాలంటే రోజుకు 3,300 కిలోకేలరీల లోటు ఉండాలి. భారత వైద్య పరిశోధన మండలి 2020 లెక్కల్లో బరువైన పనిచేసే మహిళకు రోజు మొత్తానికి కావలసిందే 2,720 కిలోకేలరీలు. అంటే ఎండలో రోజంతా పొలం పనిచేసే ఆడమనిషి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకపోయినా ఆ లోటు రాదు. ‘వారంలో మూడు కిలోల కొవ్వు మాయం’ అనే ప్రకటనలను కొట్టిపారేయడానికి ఈ ఒక్క గుణకారం చాలు. రోజుకు 500 కిలోకేలరీలు తగ్గిస్తే వారానికి వచ్చేది అరకిలోకు కాస్త తక్కువ. పోషకాహార సంస్థ సలహా దాదాపు ఇదే.

తెలుగునాట ద్రవాహారం

2017-18 ప్రాంతంలో వీరమాచినేని రామకృష్ణ ప్రచారం చేసిన ద్రవాహార పద్ధతి తెలుగు రాష్ట్రాల్లో ఊరూరా చర్చకు వచ్చింది. కొబ్బరినూనె వంటి కొవ్వు రోజుకు 70 నుంచి 100 గ్రాములు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, మల్టీవిటమిన్ మాత్రలు దాని మూలస్తంభాలు. అన్నం, రొట్టెలకు చోటు లేదు. మొదటి వారాల ఫలితం గట్టిగా కనిపించడంతో సభలకు జనం వేలల్లో వచ్చారు. పిండిపదార్థాన్ని పూర్తిగా ఆపే పద్ధతి ఏదైనా తొలి వారంలో ముందు దింపేది నీటినే, కాబట్టి ఆ వేగాన్ని పద్ధతి గొప్పతనానికి రుజువుగా తీసుకోలేం. రక్తంలో చక్కెర తగ్గినవారు ఉన్నారు, నిజమే. మందులు తమంతట తాము మానేస్తే ఏమవుతుందన్నది వైద్యుల అభ్యంతరం.

కడప జిల్లా ప్రొద్దుటూరుకు చెందిన ఖాదర్ వలి సిరిధాన్యాల ప్రచారం దీనికి భిన్నం. కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఊదలు, అరికెలు తినమనే ఆ పద్ధతిలో తిండి ఆగదు, ధాన్యం మారుతుంది. రాయలసీమకు కొర్రబువ్వ కొత్తేమీ కాదు.

వేగమా, నిదానమా

నిదానంగా తగ్గినవారే నిలబెట్టుకుంటారన్న నమ్మకం పాతది, బలమైనది. ఆధారాలు మాత్రం దాన్ని బలపరచలేదు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ పరిశోధకులు 2014లో ప్రకటించిన ప్రయోగంలో 200 మంది స్థూలకాయులను రెండు జట్లు చేశారు. 12 వారాల వేగపు జట్టులో 81 శాతం, 36 వారాల నిదానపు జట్టులో 50 శాతం మంది లక్ష్యం చేరారు. ఆ తర్వాత సుమారు మూడేళ్లకు రెండు జట్లూ పోగొట్టుకున్న బరువులో దాదాపు 71 శాతం తిరిగి పెంచుకున్నాయి. బరువు నిలవడం తర్వాతి ఏళ్ల అలవాట్ల మీద ఆధారపడుతుంది. మొదటి నెల వేగానికి అందులో పెద్ద పాత్ర లేదు.

బ్రిటన్‌లో 2017లో వెలువడిన ‘డైరెక్ట్’ అనే ప్రయోగం మరో అడుగు వేసింది. మధుమేహం వచ్చి ఆరేళ్లు దాటనివారికి మూడు నుంచి ఐదు నెలలు రోజుకు 825-853 కిలోకేలరీల ప్రత్యేక ఆహారం ఇచ్చారు. ఏడాదికి 46 శాతం మందిలో మందులు లేకుండానే మధుమేహం ఉపశమించింది. మామూలు చికిత్సలో ఇది 4 శాతమే. అయితే ఆ ఆహారం పోషకాలన్నీ కొలిచి కలిపినది, ఇన్సులిన్ వాడేవారిని చేర్చుకోలేదు, ప్రతి దశలో వైద్య సిబ్బంది చూస్తూనే ఉన్నారు. ఇంట్లో చేసుకునే నిమ్మరసపు ఉపవాసానికి ఈ ఫలితాన్ని అతికించడం కుదరదు.

ముప్పు ఎక్కడ

వారానికి కిలోన్నర మించి తగ్గుతూ పోతే పిత్తాశయంలో రాళ్లు వచ్చే అవకాశం పెరుగుతుంది: కొవ్వు కరిగేకొద్దీ పైత్యరసంలో కొలెస్టరాల్ చేరుతుంది, తిండిలో కొవ్వు లేకపోతే పిత్తాశయం ముడుచుకోక ఆ రసం నిలవ ఉండిపోతుంది. యూరిక్ ఆమ్లం పెరిగి కీళ్లవాతం (గౌట్) లేవవచ్చు. రెండు మూడు నెలలకు జుట్టు రాలుతుంది. ప్రొటీన్, బరువులెత్తే వ్యాయామం లేకపోతే కండ కూడా కరుగుతుంది. అమెరికాలో 1977 ప్రాంతంలో నాసిరకం ద్రవ ప్రొటీన్ మీద మాత్రమే బతికినవారిలో సుమారు 60 మంది చనిపోయారు. గుండె లయ తప్పడం ప్రధాన కారణం.

ఇన్సులిన్ లేదా గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు వాడుతూ ఒక్కసారిగా తిండి ఆపితే చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు. రక్తపోటు మాత్రలవారికి కళ్లు తిరగడం మామూలే. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు, మూత్రపిండాల జబ్బున్నవారు ఇలాంటి ప్రయోగాల జోలికి పోకూడదు.

గోనెగండ్ల పరిసరాల్లో

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో బరువు ఒక్క రకం సమస్య కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 36.3 శాతం అధిక బరువులో ఉండగా, 14.8 శాతం ఉండాల్సినదానికన్నా తక్కువ బరువులో ఉన్నారు. ఆదోని, ఎమ్మిగనూరు బజార్లలో పొద్దున్నే బొరుగుల ఒగ్గాని, మిరపకాయ బజ్జీ తిని కొట్లో కూర్చునేవారికీ, గోనెగండ్ల, కోసిగి వైపు నుంచి సుగ్గికని (కూలి వలసకు) గుంటూరు మిరప పొలాలకు పోయేవారికీ ఒకే సలహా పనికిరాదు. మొదటివారు బొరుగులు, నూనె తగ్గించి, జొన్నరొట్టెకు పప్పు, ఆకుకూర చేర్చుకుంటే చాలామటుకు పని జరుగుతుంది. రంజాన్ నెలలో ఉపవాసాలతో తగ్గే కిలో, కిలోన్నర బరువు పండగ తర్వాత కొన్ని వారాల్లో తిరిగి వస్తుందని అధ్యయనాలు చూపాయి. నెల పొడవునా పట్టిన నియమం కూడా ఆపగానే వీగిపోతుంది.

ప్రయత్నం లేకుండా తగ్గే బరువు సంగతి వేరు. ఆరునెలల నుంచి ఏడాది లోపు శరీర బరువులో 5 శాతం దానంతట అదే తగ్గితే మధుమేహం, క్షయ, థైరాయిడ్ జబ్బు, క్యాన్సర్ కోసం పరీక్షలు చేయించాలి. దగ్గుతో పాటు చిక్కిపోతున్నవారికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో క్షయ పరీక్ష, మందులు ఉచితం. 2024 నవంబరు నుంచి పోషణకు నెలకు 1,000 రూపాయలు ఖాతాలో వేస్తున్నారు. జార్ఖండ్‌లో జరిగి 2023లో వెలువడిన రేషన్స్ అధ్యయనంలో, చికిత్స మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగిన క్షయ రోగులలో మరణాల ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది.