తన పుస్తకం తానే మోసిన రచయిత

రచయిత తన గ్రంథాన్ని తానే అచ్చొత్తించుకొని, తానే దానికి ప్రచారం చేసుకోవడం సాహిత్య గౌరవానికి తగని పని అనే అభిప్రాయం మన విద్యావంతులలో బలంగా నాటుకొని వున్నది. ప్రచురణకర్త దొరకనివాడే ఆ పనికి పూనుకుంటాడనీ, యోగ్యత వున్న రచన దానంతట అదే లోకానికి తెలుస్తుందనీ వారి నమ్మకం. ఈ అభిప్రాయానికి మన సాహిత్య చరిత్రలో ఆధారం ఏపాటి వున్నదో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నన్ను ఈ ఆలోచనకు పురికొల్పింది మర్కూక్‌లో జరిగిన ఒక చిన్న సభ. మర్కూక్ పూర్వపు మెదక్ జిల్లా గ్రామం. 2016లో సిద్దిపేట జిల్లా ఏర్పడినప్పుడు మండల కేంద్రమైనది. 2020 మే 29న ప్రారంభమైన కొండపోచమ్మ సాగర్‌కు నీరెత్తే పంపుహౌస్ ఇక్కడనే వున్నది. 15 టి.ఎం.సి.ల ఆ జలాశయం కోసం బైలంపురం, మామిడ్యాల, తానేదార్‌పల్లి గ్రామాల ప్రజలు ఇండ్లు వదలవలసి వచ్చింది. ఆ ముంపు ప్రాంతం నుంచి వచ్చిన నా పూర్వ విద్యార్థి ఒకడు తన వూరి మీద కొన్ని కథలు రాసి, సొంత డబ్బుతో 300 ప్రతులు వేయించినాడు. సభకు వచ్చినవారు నలభై మందికి మించరు. నాతో సహా ముగ్గురం వక్తలం పుస్తకాన్ని పొగిడినాం. సభ ముగియబోతుండగా వెనుక వరుసలో కూర్చున్న ఒక ముసలి కూలి స్త్రీ లేచి అడిగింది: "భూమి పోయినోళ్ళ ముచ్చట మంచిగనే రాసినవ్ బిడ్డా. భూమే లేనోళ్ళ ముచ్చటేది? మాకు వూరే భూమి గద."

ఆమెకు చదువు రాదు. మనుమరాలు కథలు చదివి వినిపించిందట. మేము ముగ్గురం గంటన్నర సేపు చెప్పిన దానిలో అంత విలువైన విమర్శ ఒక్కటి లేదు. ఆ ప్రశ్న ఆ రచయితకు చేరడానికి కారణం అతడు తన పుస్తకాన్ని తానే తీసుకొని వూరికి రావడమే. చరిత్రను వెనుదిరిగి చూస్తే, మన భాషలో స్వీయ ప్రచురణకు వున్న అసలు బలం ఇదేనని నాకు తోస్తున్నది.

అచ్చుయంత్రం రాకముందు కావ్యానికి కృతిభర్త వుండేవాడు. కవి బతుకుతెరువు, కావ్యం బతుకు రెండూ అతని మీదనే ఆధారపడేవి. నరాంకితం చేయనని భాగవతాన్ని దేవునికిచ్చిన పోతన వంటివారు అరుదు. అచ్చు వచ్చిన తర్వాత రాజు స్థానంలోకి కొనే పాఠకుడు రావలసి వున్నది. కాని ఆ పాఠకుడు సిద్ధంగా కూర్చొని లేడు. అతణ్ణి వెతికి, తయారు చేసుకొనే భారం రచయిత మీదనే పడింది.

ఈ సంగతిని మొదట గ్రహించినవాడు కందుకూరి వీరేశలింగం. 1874లో వివేకవర్ధనిని ప్రారంభించినప్పుడు దాన్ని పరుల ముద్రణాలయంలోనే అచ్చువేయించవలసి వచ్చింది. అనతికాలంలోనే రాజమహేంద్రవరంలో సొంత ముద్రణాలయం ఏర్పాటు చేసుకున్నాడు. స్త్రీవిద్య విషయంలో కొక్కొండ వెంకటరత్నం పంతులు తన ఆంధ్రభాషాసంజీవనిలో ఎదురువాదన సాగించగా, వీరేశలింగం తన పత్రికలో దానికి జవాబులు రాసినాడు. ఈ వాగ్వివాదం పండితుల చావడి దాటి గృహస్థుల ఇండ్లలోకి ప్రవేశించింది. ముద్రణాలయం తన చేతిలో లేకపోతే వీరేశలింగం అంత నిర్భయంగా వాదించగలిగేవాడా అన్నది ఆలోచించదగిన ప్రశ్న. గిడుగు రామమూర్తి 1919లో 'తెలుగు' అనే పత్రికను నడపడంలో కూడా ఇదే తర్కం వున్నది. వ్యావహారిక భాష పక్షాన తన వాదాన్ని, ప్రమాణాలను లోకం ముందు పెట్టడానికి ఆయనకు సొంత వేదిక అవసరమైంది.

తెలంగాణంలో పరిస్థితి మరింత కఠినం. నైజాం పాలనలో ఉన్నత విద్య ఉర్దూలో సాగింది. గస్తీ నిషాన్ 53 వంటి ఉత్తర్వుల వల్ల సభ జరుపుకోవడానికి కూడా ముందుగా సర్కారు అనుమతి కావలసి వచ్చింది. నోరు విప్పడానికి చోటు లేనప్పుడు గ్రంథాలయం, పత్రిక, చిన్న పుస్తకం సభాస్థలాలైనవి. సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రికను స్థాపించినాడు. నైజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరని ఒక పండితుడు చేసిన వ్యాఖ్యకు ఆయన కోపంతో జవాబు చెప్పలేదు. వూరూరి నుంచి పద్యాలు సేకరించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించినాడు. వాదానికి సాక్ష్యమే జవాబు అన్న పద్ధతి అది. ఆ సంచికలోని పద్యాలన్నీ ఉత్తమ కవిత్వమని ఎవరూ అనరు. అభ్యుదయ దృష్టితో చూస్తే అందులో పాతబడిన సరకు చాలా వున్నది. అయినా, ఎవరికీ తెలియని వూరి కవి తన పేరును అచ్చులో చూసుకొన్న ఆ క్షణానికి చారిత్రక ప్రాముఖ్యం వున్నదని ఒప్పుకోక తప్పదు.

ఈ కృషిని సామాన్యుని గడప దాకా తీసుకుపోయినవాడు వట్టికోట ఆళ్వారుస్వామి. వంటపని చేసి చదువుకొన్నవాడు, హోటలులో పనిచేసినవాడు, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దినవాడు. 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, తెలంగాణ రచయితల పుస్తకాలను అచ్చువేసినాడు. వేసిన పుస్తకాలను తానే మోసుకొని తిరిగి అమ్మినాడు. అదే సికింద్రాబాదులో కె.సి. గుప్త అణా గ్రంథమాల పేరుతో అణా వెలకు పుస్తకాలు అందించినాడు. అణా అనే మాటలోనే పాఠకుడెవరో తెలుస్తున్నది. పుస్తకం వెల నిర్ణయించడం కూడా ఒక సాహిత్య దృక్పథమే.

ఆళ్వారుస్వామికి ఆ తిరుగుడు వ్యాపారం మాత్రమే కాదని ఆయన నవల 'ప్రజల మనిషి' చదివినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. వెట్టి కింద నలిగిన పల్లెను అంత దగ్గరగా చూడగలగడానికి, ఆ పల్లెల దారుల్లో పుస్తకాలతో నడిచిన అనుభవం తోడ్పడి వుంటుందని నా అభిప్రాయం. నిజామాబాదు జైలులో దాశరథికి ఆయన సహఖైదీ. దాశరథి తన 'అగ్నిధార'ను ఆయనకే అంకితమిచ్చినాడు. కృతిభర్త స్థానంలో రాజుకు బదులు పుస్తకాలమ్మే ఒక ఉద్యమకారుడు నిలిచిన ఈ ఘట్టం మన అంకితాల చరిత్రలో ఒక మలుపు.

1965 మే 6 అర్ధరాత్రి హైదరాబాదులో దిగంబర కవులు తమ మొదటి సంపుటిని నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుని చేత ఆవిష్కరింపజేసినారు. రెండవది 1966లో విజయవాడలో హోటల్ పనివాడు జంగాల చిట్టి చేతుల మీదుగా, మూడవది 1968లో విశాఖపట్నంలో ఒక యాచకురాలి చేతుల మీదుగా వెలువడినవి. ఆ ఆరుగురి భాషతో, వారి నిరాశతో మనకు పేచీ వుండవచ్చు. ఆ కాలంలో అభ్యుదయ శిబిరంలోనూ వుండినది. పుస్తకావిష్కరణను పాఠకలోకం దృష్టిని ఆకర్షించే సాధనంగా వాడుకోవడంలో వారిని మించినవారు లేరు. అయితే ఆ ఆకర్షణ వెంట తీవ్రమైన చర్చ వచ్చింది. ఆ చర్చ వారినీ వదలలేదు. 1970లో విప్లవ రచయితల సంఘం ఏర్పడినప్పుడు ఆరుగురిలో నలుగురు అందులో చేరినారు. ఇద్దరు బయట వుండిపోయినారు. తమ ప్రచారం లేవనెత్తిన ప్రశ్నలకు తామే జవాబు చెప్పుకోవలసి వచ్చిన రచయితలు వారు.

రంగనాయకమ్మ సంగతి మరొక విధం. స్వీట్ హోమ్ పబ్లికేషన్స్ పేరుతో తన పుస్తకాలను తానే ప్రచురించి, తక్కువ వెలకు ఇవ్వడం ఆమె పద్ధతి. 1970ల నడుమ వెలువడిన 'రామాయణ విషవృక్షం' మీద చెలరేగినంత వివాదం తెలుగులో బహు తక్కువ పుస్తకాలకు కలిగింది. విమర్శలకు ఆమె పేరుపేరునా జవాబులు రాసినారు. ఆమె నిర్ణయాలను అంగీకరించనివారు కూడా ఆమెను చదివి వాదించవలసి వచ్చింది.

ఈ చరిత్రను ఇంత దూరం చెప్పుకొన్న తర్వాత నేటి స్థితిని చూడక తప్పదు. ఇప్పుడు కొద్ది ప్రతులు వేసుకోవడం కూడా సాధ్యమే; చేతిలోని ఫోనుతో క్షణంలో వేల మందికి పుస్తకం సంగతి చెప్పవచ్చు. పల్లె నుంచి, దళిత వాడ నుంచి, వంటింటి నుంచి ఎవరి అనుమతీ అడగకుండా రచయితలు వస్తున్నారు. ఇది నిస్సందేహంగా ముందడుగు. దీన్ని చూసి ముఖం చిట్లించే పండితులతో నాకు ఏకీభావం లేదు.

కాని మన లోపాన్ని మనమే చెప్పుకోవాలి. ఎం.ఏ. పూర్తయిన కొత్తలో నేను ఒక కవితా సంపుటి 500 ప్రతులు వేయించినాను. ఆవిష్కరణ జరిగింది, శాలువా కప్పినారు, ఛాయాచిత్రాలు వచ్చినవి. ప్రతులు మిత్రులకు ఉచితంగా పంచినాను. ఉచితంగా పుచ్చుకొన్నవారు మర్యాదగా మెచ్చుకొన్నారు. వారి పుస్తకాలను నేనూ అట్లాగే మెచ్చుకొన్నాను. మిగిలిన కట్టలు నేటికీ మా ఇంట్లో మంచం కింద వున్నవి. ఒక్క పాఠకుడైనా నన్ను నిలదీయలేదు. ఆళ్వారుస్వామి వలె ఒక్క వూరికైనా నేను ఆ పుస్తకాన్ని మోసుకొనిపోలేదు గనుక నిలదీసే అవకాశం కూడా ఎవరికీ ఇవ్వలేదు. నా చుట్టూ వున్నవారిలో ఎక్కువ మంది స్థితి ఇదే. చర్చ జరిగినచోట సైతం అది పుస్తకాన్ని వదిలి మనిషి మీదికి పోతున్నది. సాయంత్రానికి కులం, ముఠా, వ్యక్తిగత దూషణ మిగులుతున్నవి. వీరేశలింగం, కొక్కొండల కాలంలో ఎత్తిపొడుపులు లేవని కాదు. కాని వారి వాదం ముగిసేసరికి ఆడపిల్లకు చదువు కావాలా వద్దా అనే ప్రశ్న గృహస్థు ముందు నిలిచి వుండేది.

కాబట్టి స్వీయ ప్రచురణను చిన్నచూపు చూడడం ఎంత తప్పో, అచ్చు కావడమే ఘనకార్యమనుకోవడం అంతే తప్పు. మన సంఘాలు చేయగల పని ఒకటి వున్నది. ఆవిష్కరణ సభతో పాటు, పుస్తకం ఎవరి జీవితం గురించి రాయబడిందో వారి మధ్య ఒక పఠన సభ జరపాలి. అక్కడ వక్తలు తక్కువ మాట్లాడి, శ్రోతలు ఎక్కువ మాట్లాడాలి. 1936లో లక్నోలో, 1943లో తెనాలిలో సాహిత్యం ప్రజలదని ప్రకటించుకొన్న ఉద్యమానికి ఇది కొత్త బాధ్యత ఏమీ కాదు, మరిచిపోయిన బాధ్యత.

మర్కూక్ సభ తర్వాత నా విద్యార్థి ఆ ముసలమ్మ ఇంటికి మూడు సార్లు వెళ్ళి వచ్చినాడు. రెండవ ముద్రణకు ఆమె చెప్పిన సంగతులతో కొత్త కథ ఒకటి రాస్తున్నాడు. అచ్చుకు ముందు దాన్ని ఆమెకు చదివి వినిపిస్తానని మాట ఇచ్చినాడట. ఈసారి సభలో వక్తగా కాక శ్రోతగా కూర్చోవాలని నేను నిశ్చయించుకొన్నాను.