ఆత్మరక్షణ చేతితుపాకుల క్యాలిబర్లు

చేతితుపాకీ క్యాలిబర్ అంటే స్థూలంగా అది పేల్చే గుండు వ్యాసం. దీన్ని మిల్లీమీటర్లలో గాని, అంగుళంలో భాగంగా గాని చెబుతారు. అమెరికాలో ఆత్మరక్షణకు వాడే పిస్టళ్లు, రివాల్వర్లలో .380 ఏసీపీ, .38 స్పెషల్, 9 ఎం.ఎం. ల్యూగర్, .40 ఎస్ అండ్ డబ్ల్యు, .45 ఏసీపీ ముఖ్యమైనవి. వీటిలో ఏది మేలన్న వాదం అక్కడ వందేళ్లకు పైగా సాగుతోంది.

చరిత్ర

.38 స్పెషల్‌ను 1898లో స్మిత్ అండ్ వెసన్ (ఎస్ అండ్ డబ్ల్యు) సంస్థ రివాల్వర్ల కోసం తెచ్చింది. 9 ఎం.ఎం. తూటాను జార్జ్ ల్యూగర్ జర్మనీలో రూపొందించాడు. ఆ కాలంలోనే ఫిలిప్పీన్స్‌లో తమను ఎదిరించిన స్థానిక మోరో యోధులను తమ .38 లాంగ్ కోల్ట్ రివాల్వర్లు ఆపలేకపోతున్నాయని అమెరికా సైనికులు ఫిర్యాదు చేశారు. 1904లో సైన్యాధికారులు జాన్ థాంప్సన్, లూయీ లగార్డ్ పశువుల మీద, మృతదేహాల మీద పరీక్షలు జరిపి, క్యాలిబర్ .45కు తగ్గరాదని తేల్చారు. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన .45 ఏసీపీ పిస్టల్‌ను సైన్యం 1911లో స్వీకరించింది. 1985లో అదే సైన్యం 9 ఎం.ఎం.కు మారింది.

బరువు, వేగం, శక్తి

గుండు బరువు, వేగం తయారీని బట్టి మారతాయి. సాధారణ తూటాల్లో ఇవి సుమారుగా ఇలా ఉంటాయి:

.380 ఏసీపీ: 6.2 గ్రాములు, సెకనుకు 290 మీటర్లు, 260 జౌళ్లు
.38 స్పెషల్: 10.2 గ్రాములు, 230 మీటర్లు, 270 జౌళ్లు
9 ఎం.ఎం.: 8 గ్రాములు, 350 మీటర్లు, 490 జౌళ్లు
.40 ఎస్ అండ్ డబ్ల్యు: 11.7 గ్రాములు, 300 మీటర్లు, 525 జౌళ్లు
.45 ఏసీపీ: 14.9 గ్రాములు, 255 మీటర్లు, 485 జౌళ్లు

.45 గుండు బరువు 9 ఎం.ఎం.కు దాదాపు రెట్టింపు. అయినా వేగం తక్కువ కాబట్టి రెండింటి శక్తీ ఇంచుమించు సమానమే.

గాయం తీరు

సినిమాల్లోలా ఏ చేతితుపాకీ గుండూ మనిషిని వెనక్కి ఎగరగొట్టదు. మెదడు లేదా వెన్నుపాము దెబ్బతింటేనే మనిషి కచ్చితంగా వెంటనే కూలుతాడు. గుండెకు తగిలినా, మెదడులో మిగిలిన ఆక్సిజన్‌తో 10 నుంచి 15 సెకన్లు పోరాడగలడని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 1989 నాటి నివేదిక చెబుతుంది. అందుకే గుండు ఎంత లావన్న దానికంటే ఎక్కడ తగిలింది, ఎంత లోతుకు దిగింది అన్నవే కీలకం.

మయామీ ఘటన

1986 ఏప్రిల్ 11న మయామీలో ఇద్దరు దోపిడీదొంగలతో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు మరణించారు, ఐదుగురు గాయపడ్డారు. ఒక దొంగ చేతిని చీల్చుకుని ఛాతీలోకి దూరిన 9 ఎం.ఎం. గుండు గుండెను చేరకముందే ఆగిపోయింది. అతను కాల్పులు కొనసాగించాడు. ఆ తర్వాత ఎఫ్‌బీఐ కండరాన్ని పోలిన జెలటిన్ దిమ్మెలతో కొత్త పరీక్షలు రూపొందించింది. వాటి ప్రకారం గుండు కనీసం 30 సెంటీమీటర్లు దిగాలి, 46 దాటకూడదు. మరీ లోతుకు పోతే అది శరీరాన్ని దాటి వెనకున్నవారికి తగలవచ్చు. ఎఫ్‌బీఐ మొదట 10 ఎం.ఎం. వైపు మళ్లింది. దాని రికాయిల్, అంటే పేలినప్పుడు తుపాకీ వెనక్కి తన్నే దెబ్బ, చాలామందికి ఎక్కువైంది. దాన్ని కుదించి 1990లో .40 ఎస్ అండ్ డబ్ల్యు తెచ్చారు. ఈలోగా, ఒంట్లోకి దిగగానే మొన విచ్చుకునే హాలో పాయింట్ గుండ్ల తయారీ బాగా మెరుగైంది. 2014లో ఎఫ్‌బీఐ శిక్షణ విభాగం మళ్లీ 9 ఎం.ఎం.నే సమర్థించింది. ఎక్కువమంది దానితో వేగంగా, గురిగా కాల్చగలరన్నది ప్రధాన కారణం.

ఎంపిక

9 ఎం.ఎం. పిస్టళ్లలో ఎక్కువ తూటాలు పడతాయి. గ్లాక్ 17లో 17 పడితే .45 క్యాలిబర్ ఎం1911లో 7 పడతాయి. .380 పిస్టళ్లు జేబులో ఇమిడేంత చిన్నవి కాని, వాటి గుండు విచ్చుకుంటే తగినంత లోతుకు దిగకపోవచ్చు. తేలికపాటి చిన్న తుపాకుల్లో తక్కువ శక్తి తూటా కూడా చేతిని గట్టిగానే తంతుంది.

చట్టం

భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం కింద 9 ఎం.ఎం. నిషిద్ధ బోర్ (క్యాలిబర్). సాధారణ లైసెన్సుదారులకు ఎక్కువగా దొరికేది .32. కాన్పూర్‌లో తయారై 2014లో విడుదలైన నిర్భీక్ రివాల్వర్ ఈ కోవదే. అమెరికాలో హెచ్-1బి, ఎఫ్-1 వంటి వీసాలపై ఉన్న తెలుగువారు తుపాకీ గాని తూటాలు గాని కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి.

సారాంశం

మేలైన గుండు వాడితే 9 ఎం.ఎం., .40, .45ల మధ్య ఫలితంలో తేడా స్వల్పమే. ప్రాణం కాపాడేది సాధన, గురి, కాల్చకుండా తప్పుకోగల వివేకం. క్యాలిబర్ ఏదైనా తుపాకీని పిల్లలకు అందకుండా తాళం వేసి ఉంచడం యజమాని మొదటి బాధ్యత.