అపస్మారం నుండి స్మృతి దాకా

లంఖణం పరమౌషధమన్న మాట మన ఇళ్ళల్లో జ్వరానికీ, అజీర్ణానికీ చెల్లింది గానీ, మతిమరుపుకు మందుగా దాన్ని ఎవరైనా వాడగా నేను వినలేదు. ఇప్పుడు మాత్రం రోజులో కొన్ని గంటలు కడుపు మాడ్చుకుంటే మెదడు చురుకౌతుందనీ, జ్ఞాపకశక్తి పెరుగుతుందనీ ఎక్కడ చూసినా వినబడుతోంది. ఈ నమ్మకం ఎక్కడ పుట్టిందో చూద్దామని వెనక్కి నడుచుకుంటూ పోతే, దారి మూర్ఛరోగం దగ్గర తేలింది!

ఆయుర్వేదం ఈ రోగాన్ని అపస్మారం అంటుంది. స్మృతి తొలగిపోవడం అని ఆ మాటకు అర్థం. ఉపవాసానికీ మెదడుకూ ఉన్న సంబంధాన్ని ఆధునిక వైద్యం మొదట ఈ రోగుల్లోనే గమనించింది.

1911లో పారిస్‌లో గ్వెల్పా, మారీ అనే ఇద్దరు వైద్యులు ఇరవైమంది మూర్ఛరోగుల చేత ఉపవాసాలు చేయించి, ఆ రోజుల్లో మూర్ఛలు తగ్గాయని ప్రకటించారు. తరువాత అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని బాటిల్ క్రీక్‌లో కాంక్లిన్ అనే ఆయన రోగులను వారాల తరబడి మంచినీళ్ళతోనే ఉంచాడు. పేగుల్లో పుట్టిన విషమేదో మెదడుకెక్కి మూర్ఛ తెస్తుందని ఆయన సిద్ధాంతం. సిద్ధాంతం తప్పు. మూర్ఛలు తగ్గడం మాత్రం నిజం. ఈ పద్ధతిని తానూ పరీక్షించిన గేలిన్ అనే వైద్యుడు 1921లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ సభలో ఆ సంగతే చెప్పాడు.

చిక్కల్లా ఒక్కటే. అన్నం పెట్టగానే మూర్ఛ తిరిగి రావచ్చు. అలాగని పసిపిల్లవాణ్ణి ఎన్నాళ్ళు పస్తుంచగలం? అదే 1921లో మేయో క్లినిక్‌కు చెందిన వైల్డర్ దీనికొక ఉపాయం చెప్పాడు. పిండిపదార్థాలను బాగా తగ్గించి, ఎక్కువగా కొవ్వే పెడితే, తింటూనే ఒంటిని ఉపవాసంలో ఉన్నట్టు ఉంచవచ్చునన్నాడు. అదే కీటోజెనిక్ ఆహారం. 1938లో ఫెనిటాయిన్ మందు వచ్చాక ఇది మూలన పడింది. మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లలు మిగిలిపోయారు కనుక మళ్ళీ లేచింది. 2008లో లండన్‌లో 145 మంది పిల్లలతో చేసిన పరీక్షలో, ఈ ఆహారం తీసుకున్నవారిలో 38 శాతం మందికి మూర్ఛలు సగానికి పైగా తగ్గాయి. తీసుకోనివారిలో అది 6 శాతమే.

పస్తున్నప్పుడు మెదడు దేనితో బతుకుతుందన్న ప్రశ్నకు జవాబు 1967లో వచ్చింది. మెదడుకు గ్లూకోజు తప్ప మరొకటి పనికిరాదని అప్పటిదాకా నమ్మకం. బోస్టన్‌లో కేహిల్ బృందం, ఐదారు వారాలు ఉపవాసమున్న స్థూలకాయుల మెదడుకు వెళ్ళే రక్తాన్నీ, తిరిగి వచ్చే రక్తాన్నీ పోల్చి చూసింది. కాలేయం కొవ్వు నుండి తయారుచేసే కీటోనులే మెదడుకు సగానికి పైగా ఇంధనమౌతున్నాయని తేలింది. పస్తున్న మెదడు ఆరిపోదు, ఇంధనం మార్చుకుంటుంది. ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న ఘట్టం ఇదే.

అయితే ఇంధనం మారడం వేరు, జ్ఞాపకం పెరగడం వేరు. రెండోదానికి ఆధారాలు ముందుగా ఎలుకల్లో దొరికాయి. 1999లో మార్క్ మాట్సన్ బృందం, రోజు విడిచి రోజు మేత పెట్టిన ఎలుకల మెదళ్ళు విషపదార్థాల దెబ్బను బాగా తట్టుకున్నాయనీ, నేర్చిన దారులను అవి మరిచిపోవడం తగ్గిందనీ చూపింది. మనుషుల సంగతి? 2024లో, స్థూలకాయమూ ఇన్సులిన్ నిరోధకతా ఉన్న 40 మంది పెద్దవాళ్ళతో ఎనిమిది వారాల అధ్యయనం ఒకటి వెలువడింది. వారానికి రెండు రోజులు బాగా తక్కువ తిన్నవారికీ, రోజూ పద్ధతిగా మంచి ఆహారం తిన్నవారికీ కూడా మేలు కనిపించింది. కొన్ని జ్ఞాపకశక్తి పరీక్షల్లో మొదటివారు కాస్త ముందున్నారు. నలభై మంది, ఎనిమిది వారాలు. అంతే!

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మధుమేహానికి మందులు వాడుతున్న పెద్దాయన ఒకరు ఈమధ్య నన్ను, "మతిమరుపు వస్తోందయ్యా, రాత్రి భోజనం మానేస్తే తగ్గుతుందటగా?" అని అడిగారు. ఆ మందులు వేసుకుంటూ పస్తుంటే చక్కెర హఠాత్తుగా పడిపోయి స్పృహే తప్పవచ్చు. డాక్టరును అడగనిదే మానవద్దన్నాను. పోతున్న జ్ఞాపకాన్ని పట్టుకోవాలన్న ఆరాటం ఆయన గొంతులో వినిపించింది. ఎలుకల ఫలితాన్ని హామీగా మార్చి ఆయనకు చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

మూర్ఛరోగుల విషయంలో వందేళ్ళ పరిశీలన ఉంది. జ్ఞాపకశక్తి విషయంలో ఇప్పుడిప్పుడే మొదలైంది. ఏకాదశి నాడు మన పెద్దలు పస్తున్నది దైవచింతన కోసం, దానికి ఏ ప్రయోగశాల సాక్ష్యమూ అక్కరలేదు. ఇకపోతే, అపస్మారానికి లంఖణాన్ని చికిత్సగా మన నాటువైద్యులెవరైనా వాడేవారా? తెలిసినవారు చెబితే సంతోషిస్తాను.