ఫిల్టరు ఎక్కడ పెట్టాలి? ఒక పాత కారు చెప్పిన పాఠం

పోయిన మే నెలలో మా నాన్నగారి అంబాసిడర్ నడిరోడ్డు మీద ఆగిపోయింది. మధ్యాహ్నం రెండు గంటలు, మంగళగిరి దాటాక హైవే మీద. లోపల చెమటలు కక్కుతూ డెబ్భై ఎనిమిదేళ్ళ నాన్న, వెనకాల లారీల హారన్లు. ఒట్టేసి చెప్తున్నా, తప్పు బండిది కాదు. నాది.

వారం ముందు ఓ కొత్త పేపర్ ఫిల్టరు కొనుక్కొచ్చి, వెనక పెట్రోలు టాంకు దగ్గరే, అంటే పంపుకి ముందు, నా చేతుల్తో నేనే బిగించాను. పదిహేనేళ్ళుగా ప్రోగ్రాములు రాసుకు బతుకుతున్నవాణ్ణి కదా! "చెత్త లోపలికొచ్చే గుమ్మం దగ్గరే ఆపెయ్యాలి" అన్న సూత్రం ఒంటికి పట్టేసింది. యూజర్ ఇన్‌పుట్ ఎక్కడొస్తే అక్కడే వాలిడేషన్ పెడతాం. కారుకి మాత్రం వేరే న్యాయమా?

మెకానిక్ బాబాయ్ స్కూటరేసుకుని వచ్చి, కింద దూరి చూసి ఒకటే మాటన్నాడు, "ముక్కు మూసి పరిగెత్తమంటే ఎట్టా పరిగెత్తుద్ది అబ్బాయ్?" ఫిల్టరు పీకేసి, అక్కడ మామూలు గొట్టం తగిలించి, ఏసీ పంపు మీద తడిగుడ్డ కప్పాడు. ఇరవై నిమిషాలాగి సెల్ఫ్ కొడితే బండి బుద్ధిగా స్టార్టయింది.

ఇంటికొచ్చాక ఆ ఫిల్టరు కోసి చూస్తే లోపలంతా ఎర్రటి తుప్పు పొడి. అంటే ఫిల్టరు దాని పని అది చక్కగా చేసింది. దాన్ని పెట్టిన చోటే తప్పు. అప్పట్నుంచీ ఈ ఫిల్టరు చరిత్ర పట్టుకుని వేలాడుతున్నాను. తేలిందేంటంటే, గత నూరేళ్ళలో ఈ చిన్న వస్తువు కారంతా తిరిగింది. తిరిగిన ప్రతిసారీ కారణం ఉంది.

మొదట్నుంచీ చెప్తాను. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి కారుకి పెట్రోలు పంపే లేదు. టాంకు ముందు సీటు కింద ఉండేది. మేడ మీది ట్యాంకులోంచి కుళాయికి నీళ్ళొచ్చినట్టు, పెట్రోలు దానంతటదే కార్బురేటర్లోకి జారేది. నిటారు ఎత్తు ఎక్కేటప్పుడు, అందులోనూ టాంకులో పెట్రోలు తక్కువగా ఉన్నప్పుడు, ఇంజను టాంకు కన్నా పైకెళ్ళిపోయేది. అందుకని డ్రైవర్లు బండి వెనక్కి తిప్పి, రివర్సు గేరులో కొండెక్కేవాళ్ళు. (మా ప్రాజెక్టులో ఇలాంటి వర్కరౌండ్లు చాలా ఉన్నాయి లెండి.)

ఆ రోజుల్లో చెత్త ఎక్కణ్ణుంచి వచ్చేది? పెట్రోలుతోనే. డబ్బాల్లో, పీపాల్లో అమ్మేవాళ్ళు. అందులో ఇసక, తుప్పు, అన్నిటికన్నా ముఖ్యంగా నీళ్ళు. అందుకని జాగ్రత్తంతా పోసే దగ్గరే. గరాటులో షామీ తోలు వేసి పోసేవాళ్ళు. ఆ తోలు పెట్రోలుని వదిలి నీళ్ళని పట్టేస్తుంది. అది దాటి ఏమన్నా లోపలికి పోతే, టాంకు అడుగున జల్లెడ ఉన్న ఓ చిన్న గిన్నె ఉండేది. లీటరు పెట్రోలు సుమారు ముప్పాతిక కిలోనే తూగుతుంది కాబట్టి నీళ్ళు అడుక్కి చేరతాయి. అప్పుడప్పుడూ కింద కుళాయి తిప్పి వదిలేస్తే సరి. అంటే అప్పటికి నా "గుమ్మం దగ్గరే ఆపు" సూత్రం నూటికి నూరుపాళ్ళు కరెక్టే.

తర్వాత టాంకు వెనక్కి పోయింది. కాళ్ళ కింద పెట్రోలు పెట్టుకుని కూర్చోవడం ఎవరికి మాత్రం ఇష్టం? కానీ వెనకా కిందా ఉన్న పెట్రోలు ముందున్న ఇంజనుకి ఎక్కేదెలా? కొన్నాళ్ళు ఇంజను పీల్చే వాక్యూమ్‌తోనే పెట్రోలుని పైకి లాగి, ఓ చిన్న డబ్బాలో నింపి, అక్కణ్ణుంచి జార్చారు. అమెరికాలో స్టీవార్ట్, ఇంగ్లండులో ఆటోవాక్ అని ఈ డబ్బాలు అమ్మేవాళ్ళు. ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే వాక్యూమ్ పడిపోయేది, డబ్బా ఖాళీ అయ్యేది. మళ్ళీ కొండ దగ్గరే బగ్గు!

దానికి మందుగా 1920ల చివర్లో వచ్చిందే డయాఫ్రమ్ పంపు. ఇంజనులోని క్యామ్‌షాఫ్ట్ ఓ మీటని ఊపుతుంటే, లోపలి పొర కిందికీ పైకీ ఆడుతూ పెట్రోలుని లాగి తోస్తుంది. మన మెకానిక్కులు ఇప్పటికీ దీన్ని "ఏసీ పంపు" అంటారు. చిన్నప్పుడు నేను దీనికీ ఎయిర్ కండిషనర్‌కీ ఏదో చుట్టరికం ఉందనుకునేవాణ్ణి. ఆ ఏసీ అంటే ఆల్బర్ట్ చాంపియన్ అనే పెద్దమనిషి పొడి అక్షరాలు. ఫ్రాన్సులో సైకిలు వీరుడు, 1899లో పారిస్-రూబే పందెం గెలిచాడు. తర్వాత అమెరికా వెళ్ళి స్పార్క్ ప్లగ్గుల కంపెనీ పెట్టాడు. ఆ ఏసీ కంపెనీయే తర్వాత ఈ పంపుల్ని లక్షల్లో తయారుచేసింది. ఆయన 1927లో పోయాడు, పేరు మాత్రం గుంటూరు షెడ్లలో ఇంకా మోగుతూనే ఉంది.

ఇప్పుడు అసలు కిటుకు. పాత ఏసీ పంపుల్లో చాలావాటికి నెత్తిన ఓ గాజు గిన్నె, అందులో సన్నటి తీగ జల్లెడ ఉండేవి. పెట్రోలు గిన్నెలోకి రాగానే నెమ్మదిస్తుంది, నలకలు అడుక్కి దిగుతాయి, జల్లెడ దాటిందే పంపులోకి పోతుంది. అంటే పంపుకి ముందు, పీల్చే వైపు, ఫిల్టరు ఉంది. కానీ ముతకది. ఊరికే వచ్చిన ముతకతనం కాదది. పీల్చే వైపు గొట్టంలో ఒత్తిడి బయటి గాలి కన్నా తక్కువ. ఒత్తిడి తగ్గితే పెట్రోలు తక్కువ వేడికే మరుగుతుంది. అక్కడ సన్నటి కాగితం అడ్డం పెడితే పంపు ఇంకా గట్టిగా పీలుస్తుంది, ఒత్తిడి ఇంకా పడిపోతుంది. మే నెల ఎండలో, బానెట్ కింద వేడికి, పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోతుంది. ఈ పంపు ఆవిరిని తోడలేదు. మన డ్రైవర్లు ఎయిర్ లాక్ అనేది దీన్నే. తడిగుడ్డ వైద్యం అందుకే.

పంపు దాటాక కథ తిరగబడుతుంది. అక్కడ రెండు నుంచి నాలుగు పౌండ్ల ఒత్తిడి ఉంటుంది, పెట్రోలు మరిగే వేడి కాస్త పెరుగుతుంది. సన్న ఫిల్టరుకి అదే సరైన చోటు. పైగా పంపు లోపలి పొర అరిగి రాలిన ముక్కల్ని కూడా అదే పట్టాలి, ముందున్న ఫిల్టరు పట్టలేదు కదా. కార్బురేటర్ జెట్లు మిల్లీమీటరు అటూఇటూ ఉండే కన్నాలు, సోలెక్స్‌లో 120 నంబరు జెట్ అంటే 1.2 మిల్లీమీటర్లు. వాటికన్నా ఫ్లోట్ దగ్గరి నీడిల్ వాల్వుకి ఎక్కువ భయం. అక్కడ ఒక్క నలక ఇరుక్కుంటే చాలు, పెట్రోలు పొంగి బయటికొస్తుంది. అంబాసిడర్ ఇంజనులో కార్బురేటరూ, కాలిపోయే ఎగ్జాస్ట్ మానిఫోల్డూ ఒకే పక్కన ఉంటాయి. ఆ పైన ఊహించుకోండి.

అలాగని "పంపు తర్వాతే" అనేది వేదవాక్కు కాదు. ఫోక్స్‌వాగన్ బీటిల్ చూడండి. టాంకు ముందు, ఇంజను వెనక. టాంకు ఎత్తున ఉండటం వల్ల పెట్రోలు పంపు దాకా దాదాపు తనే జారుతుంది. ఇంజను మీద గొట్టాల మధ్య ఫిల్టరు వేలాడదీస్తే, దాని బరువుకీ ఊపుకీ జాయింటు ఊడి మంటలంటుకున్న బళ్ళున్నాయి. అందుకే బీటిల్ వాళ్ళు ఫిల్టరుని ఇంజను గది బయట, పంపుకి ముందు పెట్టమంటారు. అదే ప్రశ్న, వేరే జవాబు. రెండూ కరెక్టే.

మరి ఇప్పుడు ఎందుకింత గొడవ? అంబాసిడర్ 1950ల చివర్లో ఉత్తర్‌పాడాలో మొదలై 2014లో ఆగిపోయింది. బండి ఆగింది, పెట్రోలు మాత్రం మారుతూనే ఉంది. 2000 నాటికి సీసం తీసేశారు. 2003లో 5 శాతం ఇథనాల్ కలపడం మొదలెట్టారు, 2022కి 10 శాతం, 2025కి 20 శాతం అయింది. ఇథనాల్ పాత టాంకులో ఏళ్ళ తరబడి అంటుకున్న జిగురునీ తుప్పునీ కదిలిస్తుంది. తేమని పీల్చుకుంటుంది. పాతకాలపు రబ్బరు గొట్టాల్ని లోపల్నుంచి మెత్తబరిచి ముక్కలు చేస్తుంది. అంటే చెత్త ఇవాళ బంకు నుంచి రావడం తక్కువ, మన బండి లోపలే పుడుతోంది. గుమ్మం దగ్గర కాపలా పెడితే ఇంట్లో దొంగని పట్టేదెవరు?

ఇక్కడే నా బుర్రకి వెలిగింది. చెత్త ఎక్కడ పుడుతోంది, పాడవకూడనిది ఏది, ఫిల్టరు మూసుకుపోయిన రోజు ఏం జరుగుతుంది? ఈ మూడూ అడక్కుండా ఫిల్టరు చోటు తేలదు. మనం ఆఫీసులో "బెస్ట్ ప్రాక్టీస్" అని ఎక్కడో చదివింది తెచ్చి అతికిస్తాం చూడండి, మూడో ప్రశ్న ఎప్పుడూ అడగం. నేనూ అడగలేదు. ఫలితం నడిరోడ్డు మీద నాన్న.

చివరికి మేం చేసిందిది. టాంకు విప్పి కడిగించాం. గొట్టాలన్నీ ఇథనాల్‌కి తట్టుకునేవి వేశాం. పంపుకి దాని పాత జల్లెడే ఉంచాం. పేపర్ ఫిల్టరు పంపుకీ కార్బురేటర్‌కీ మధ్య, బాణం గుర్తు కార్బురేటర్ వైపు ఉండేట్టు, మానిఫోల్డుకి దూరంగా, బాడీకి క్లాంపేసి బిగించాం. ప్లాస్టిక్‌ది కాదు, రేకుది. లోపలి నలకలు కంటికి కనపడవన్న మాట నిజమే, కానీ కరిగి మంటల్లో పడదు. ఆర్నెల్లకోసారి మార్చెయ్యడమే.

మీ ఇంట్లోనో, ఊళ్ళో తాతగారి షెడ్డులోనో పాత అంబాసిడరో పద్మినీయో ఉంటే, ఈ వారాంతం ఓసారి బానెట్ ఎత్తి ఆ ఫిల్టరు ఎక్కడుందో చూడండి. ముఖ్యంగా ఎగ్జాస్ట్ పైన ప్లాస్టిక్ ఫిల్టరు వేలాడుతుంటే ఇవాళే తీసేయించండి.

నాన్న మొన్న మళ్ళీ బండి తీశారు. "ఈసారి నువ్వేం ఇంప్రూవ్ చెయ్యలేదు కదా?" అని అడిగాకే తాళం తిప్పారు.