త్రిభుజములో తెలియని కోణము

ఉన్నత పాఠశాలలో చదువు పిల్లలున్న యిండ్లలో ఈ లెక్క తరచుగా వినబడుచుండును. ఒక సమద్విబాహు త్రిభుజములో భూమి వద్దనున్న కోణములు ఒక్కొక్కటి శీర్షకోణమునకు రెట్టింపు. కోణములెంత? శీర్షకోణము ఒక పాలు, తక్కినవి రెండేసి పాళ్లు, వెరసి అయిదు పాళ్లు. అవి కలిసి 180 డిగ్రీలు గనుక శీర్షకోణము 36, తక్కినవి 72 చొప్పున. పిల్లవాడు దీనిని రెండు పంక్తులలో ముగించి ఆటకు పోవును. ఆ రెండు పంక్తుల వెనుకనున్న చరిత్రను శ్రోతలకు కొంత విన్నవింపదలచితిమి.

క్రీస్తుకు పూర్వము 300 ప్రాంతమున అలెగ్జాండ్రియాలో యూక్లిడ్ రచించిన 'ఎలిమెంట్స్' నాలుగవ భాగమున పదియవ ప్రతిపాదనము ఈ త్రిభుజమే. అందు 36 అను సంఖ్య లేదు. డిగ్రీ యను మాటయే లేదు. త్రిభుజములోని మూడు కోణములు కలిసి రెండు లంబకోణములకు సమమని మాత్రము ఆయన మొదటి భాగముననే నిరూపించియుండెను. ఆయనకు కావలసినది కోణము విలువ కాదు, త్రిభుజము. దానిని రూళ్లకఱ్ఱతోను వృత్తలేఖినితోను గీయవలెను. అందుకై ఒక సరళరేఖను రెండు ఖండములు చేయును: మొత్తము రేఖయు చిన్న ఖండమును భుజములుగా గల దీర్ఘచతురస్రము, పెద్ద ఖండముపై నిలిపిన చతురస్రమునకు వైశాల్యమున సమము కావలెను. మొత్తము రేఖ త్రిభుజపు సమభుజమగును. పెద్ద ఖండము భూమి యగును. ఈ త్రిభుజము చేతికి వచ్చిన పిమ్మటనే ఆయన వృత్తములో సమపంచభుజిని ఇమిడ్చెను. రెండు పంక్తుల పనికి ఇంత శ్రమయా యని కొందరికి తోచవచ్చును. మా దృష్టిలో ఇవి రెండును ఒకే ప్రశ్నకు సమాధానములు కావు.

తెలియని రాశికి పేరు పెట్టి లెక్కలోనికి దింపు విద్యలో మనవారు ఆరితేరినవారు. భాస్కరాచార్యుని 'బీజగణితము' (1150) మొదటి అవ్యక్తమును యావత్తావత్ అనును. తరువాతి వానికి కాలకము, నీలకము, పీతకము, లోహితకము అని రంగుల పేర్లు. పై లెక్కను ఆ పద్ధతిలో వ్రాసినచో పై పంక్తిలో 'యా 5 రూ 0', క్రింది పంక్తిలో 'యా 0 రూ 180' అని యుండును. ఆయన ఈ లెక్క వేయలేదు సుమా! 'లీలావతి'లోని త్రిభుజపు లెక్కలు భుజమును, లంబమును, వైశాల్యమును వెదకును గాని కోణము విలువను వెదకవు. నేటి సమచిహ్నము 1557లో ఇంగ్లండున రికార్డ్ గ్రంథమునను, ఎక్స్ అను అక్షరము 1637లో ఫ్రెంచి పండితుడు డెకార్ట్ గ్రంథమునను కనబడినవి.

ఇక రెట్టింపునకు బదులు మూడురెట్లు అని లెక్కను మార్చి చూతము. ఏడు పాళ్లు 180 డిగ్రీలు. శీర్షకోణము 25 డిగ్రీల మీద 5/7. బీజగణితమునకు ఇదియు అంతే సులభము. కాని ఈ త్రిభుజమును రూళ్లకఱ్ఱతోను వృత్తలేఖినితోను గీయుట ఎవరికిని సాధ్యము కాలేదు. సప్తభుజి అట్లు గీయరానిదని గౌస్ 1801లో ప్రకటించిన నియమమువలన తేలినది. నిరూపణము 1837లో వాంట్‌జెల్ ఇచ్చెను. ఆ పరికరములు రెండును వర్గమూలములను దాటి పోజాలవు. సప్తభుజికి కావలసినదో ఘన సమీకరణము. గీయుట సాధ్యము కాదని తేల్చినది కూడ బీజగణితమే.