కొలబద్ద ఎవరిది? విద్యా ప్రమాణాలూ, ఉత్తరాంధ్ర అధ్యాపకులూ

ఉన్నత విద్యలో నాణ్యతను కొలవడం ఈ కాలంలో పుట్టిన సమస్య అని చాలామంది భావిస్తున్నారు. 1994లో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం ‘నాక్’ను నెలకొల్పిన నాటి నుంచే కళాశాలలకు తూకం మొదలయిందని వారి అభిప్రాయం. చరిత్ర దీనిని అంగీకరించదు. కొలత ఎప్పుడూ ఉంది. మారినవల్లా కొలిచే చేతులూ, కొలబద్దా. ఆ కొలబద్ద దేనిని కొలుస్తున్నది, ఎవరికోసం కొలుస్తున్నది అని అడిగిన ఉపాధ్యాయులు వందేళ్ళ క్రిందటే మన విజయనగరం, శ్రీకాకుళం సీమల్లో ఉన్నారు.

1857లో ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయం మొదట్లో పాఠాలు చెప్పే సంస్థ కాదు, పరీక్షలు జరిపి పట్టాలిచ్చే సంస్థ. వలస ప్రభుత్వానికి కావలసినది కచేరీలు నడిపే ఉద్యోగులు. కనుక ఎందరు ప్యాసయినారన్నదే చదువుకు ప్రధానమైన కొలత అయింది. పరీక్షా ఫలితాలను బట్టి బడులకు గ్రాంటు ముట్టజెప్పే పద్ధతి కూడా కొంతకాలం సాగింది. 1904 నాటి విశ్వవిద్యాలయాల చట్టం కళాశాలల తనిఖీకి దారి తీసింది. ప్రమాణాలు పెంచడానికే ఈ చట్టమని కర్జన్ ప్రభుత్వం చెప్పుకొన్నది. విశ్వవిద్యాలయాలపై సర్కారు పట్టు బిగించడానికని గోఖలే వంటివారు విమర్శించారు. ప్రమాణమనే మాట వెనుక అధికారం నడిచిరావడం అప్పటికే మొదలయిందన్నమాట.

ఈ నేపథ్యాన్ని విడిచి వ్యావహారిక భాషోద్యమాన్ని అర్థం చేసుకోలేము. దానిని మనం సాధారణంగా భాషా వివాదంగానే చదువుకొంటాము. నిజానికి అది పరీక్షను గురించిన వివాదం కూడా. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి. విజయనగరం మహారాజా కళాశాలలో చదివి, అక్కడే పాఠాలు చెప్పిన గురజాడ అప్పారావు. ఇద్దరూ తరగతి గది నుంచి వచ్చినవారే. కుర్రవాని వ్యాసంలో ఆలోచన ఉన్నదా లేదా అని గాక, అరసున్నా పడిందా, బండి ‘ఱ’ పడిందా, సంధి కలిసిందా అని మార్కులు వేసే పరీక్షను వారు దగ్గరగా చూశారు. పరీక్ష ఏది కొలిస్తే పాఠం దానికే కుదించుకుపోతుందని గ్రహించారు.

వారి ప్రయత్నం, విద్యాశాఖాధికారి జె. ఎ. యేట్స్ సానుభూతి తోడై 1912–13 నాటికి స్కూలు ఫైనలు వ్యాసరచనలో ఆధునిక భాషకు అనుమతి లభించింది. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, జయంతి రామయ్య పంతులు నాయకత్వాన, దీనిని గట్టిగా ఎదిరించింది. ప్రమాణాలు దిగజారుతున్నాయన్నదే వారి ఆందోళన. విశ్వవిద్యాలయపు తెలుగు వ్యాసరచన ఉపసంఘంలో అధిక సంఖ్యాకుల నిర్ణయాన్ని అంగీకరించక, 1914లో గురజాడ తన డిసెంటు పత్రం సమర్పించాడు. గిడుగు మరొక దారి పట్టాడు. గ్రాంథికవాదుల రచనల్లోనే వ్యాకరణ స్ఖాలిత్యాలను ఏరి చూపాడు. కొలిచేవారిని వారి కొలబద్దతోనే కొలిచాడు! సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చి, పుస్తకాలు వ్రాసి, బడులు పెట్టినవాడు గనుక, పరాయి కొలత పిల్లవానిని ఎలా తెలివితక్కువవానిగా చూపగలదో ఆయనకు బాగా తెలుసు.

1915లో ప్రభుత్వం ఆ అనుమతిని రద్దు చేసింది. ఆ ఏడాది నవంబరులో గురజాడ మరణించాడు. ఆనాటికి ఓటమే. కాని ప్రజల భాష ఆగలేదు. ఏ భాషను ప్రమాణానికి తక్కువన్నారో, ఆ భాషలోనే నేడు ప్రశ్నపత్రాలూ, పరిశోధన గ్రంథాలూ వెలువడుతున్నాయి.

ఇక నేటి మాట. ‘నాక్’ ఏడు అంశాల ప్రాతిపదికన కళాశాలలను పరీక్షిస్తూ వచ్చింది. 2017లో సవరించిన విధానంలో అంకెలకు, ఆన్‌లైనులో పంపే పత్రాలకు ప్రాధాన్యం పెరిగింది. 2024లో శ్రేణుల స్థానే గుర్తింపు ఉన్నదా, లేదా అని తేల్చే పద్ధతిని ప్రకటించారు. దీనిపై అధ్యాపకులది ఒకే అభిప్రాయం కాదు. గ్రంథాలయం, ప్రయోగశాల, విద్యార్థుల అభిప్రాయం లెక్కలోకి వచ్చాయని కొందరు సంతోషిస్తారు. అది నిజమే, లెక్క చెప్పనక్కరలేని కళాశాల ప్రజల కళాశాల కాజాలదు. పాఠం చెప్పవలసిన గంటలు ఫైళ్ళకు ఖర్చవుతున్నాయని మరికొందరు వాపోతారు. అదీ నిజమే. 2025 ఫిబ్రవరిలో, మన రాష్ట్రంలోనే, మంచి శ్రేణి కోసం లంచాలు చేతులు మారాయన్న ఆరోపణపై తనిఖీ బృందంలోని వారిని సి.బి.ఐ. అరెస్టు చేసింది. శ్రేణి అంగడి సరుకయ్యే ప్రమాదానికి ఇంతకన్న హెచ్చరిక అక్కరలేదు.

వలస పోయిన తల్లిదండ్రులను విడిచి హాస్టలులో చదువుకొనే పిల్ల, తన కుటుంబంలో మొదటిసారి డిగ్రీ తరగతిలో కూర్చున్న సీతంపేట సవర కుర్రవాడు మూడేళ్ళలో ఎంత దూరం నడిచారో ఏ గడిలో నింపగలము? వారు ఎక్కడ బయలుదేరారో చూడని కొలత, చేరిన చోటును మాత్రమే చూసి, కలిగినవారి కళాశాలకే కిరీటం పెడుతుంది.

కనుక కొలత వద్దనడం అభ్యుదయం కాదు. తలవంచి గడులు నింపడమూ అభ్యుదయం కాదు. కొలబద్దను తయారుచేసే చోట అధ్యాపకునికీ, విద్యార్థికీ స్థానం కావాలి. అది దొరికేదాకా, ఒప్పుకోలేని చోట కారణాలతో, సాక్ష్యాలతో అసమ్మతిని వ్రాతలో పెట్టడం మన విధి. విజయనగరం ఆ పని 1914లోనే చేసి చూపింది.