ఒకే సత్రంలో ఇద్దరు బాటసారులు

నెల్లూరునుంచి చెన్నపట్నం పోయే బాటమీద, సూళ్ళూరుపేటకు కొంచెం ఇవతల దొరవారిసత్రం తగులుతుంది. పేరులోనే సత్రం ఉంది. సత్రంలో ఒకే కప్పుకింద పలువురు బస చేస్తారు. ఎవరికి ఏ గది అన్నది వాకిట కూర్చున్న గుమాస్తా చెప్పాలి. ఒకే కంప్యూటరులో రెండు ఆపరేటింగ్ సిస్టములు కాపురముండటం ఇంచుమించు ఇట్టిదే.

మీట నొక్కినప్పుడు యంత్రానికి తానెవరో తెలియదు. పాత పద్ధతి యంత్రాలలో, లోపలి శాశ్వత స్మృతి డిస్కు మొదట ఉన్న 512 బైట్లను చదివి, అక్కడి ఆదేశాలకు పగ్గాలు అప్పగించేది. వానిలో 446 బైట్లు ఆదేశాలకు, 64 డిస్కు విభజన పట్టికకు, 2 గుర్తుకు. 1983లో ఐ.బి.ఎం. సంస్థ 10 మెగాబైట్ల డిస్కుతో పి.సి. ఎక్స్.టి.ని తెచ్చినప్పటి ఏర్పాటిది. పట్టికలో నాలుగు భాగాలకే చోటు, అంటే నాలుగు గదుల సత్రమన్నమాట! వేరువేరు సిస్టములు ఆ డిస్కును పంచుకోవచ్చునన్నదే విభజన ఉద్దేశం. కాబట్టి జంట కాపురం తరువాతివారి దొంగదారి కాదు.

1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును రాసింది కూడా మినిక్సు అనే మరొక సిస్టమున్న యంత్రంమీదనే. మోడెముకు పోవలసిన ఆదేశాలను ఒకనాడు పొరపాటున డిస్కుకు పంపి, మినిక్సు భాగాన్ని పాడుచేసుకున్నాడు. దానిని మళ్ళీ ఎక్కించక, లినక్సుతోనే సాగిపోయాడు. అందరికీ అట్టి అదృష్టం పట్టదు. డిస్కును విభజించేముందు దానిలోని సరుకుకు నకలు తీసి ఉంచుకోవాలి.

అసలు చిక్కు గుమాస్తా ఎవరి మనిషి అన్నది. 1990ల చివర జపానులో హిటాచీ సంస్థ విండోస్‌తోపాటు బి.ఓ.ఎస్.ను కూడా ఎక్కించి కంప్యూటర్లు అమ్మింది. కాని మీట నొక్కితే వచ్చేది విండోసే. రెండవది డిస్కులో ఉండికూడా ఎంపిక పట్టికలో లేదు! మైక్రోసాఫ్టు లైసెన్సు షరతులే ఇందుకు కారణమని బి సంస్థ 2002లో దావా వేసింది. తప్పు ఒప్పుకోకుండానే మైక్రోసాఫ్టు 2003లో 2 కోట్ల 32 లక్షల 50 వేల డాలర్లిచ్చి రాజీపడింది. అప్పటికి బి సంస్థ తన సాంకేతిక ఆస్తిని పామ్ సంస్థకు అమ్ముకొని రెండేళ్ళయింది.

ఈ తగవు తెలుగువారికి పరాయిది కాదు. 1991 అక్టోబరునాటి యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగు లిపికి చోటు దొరికింది. 2005లో హైదరాబాదులో మొదలైన స్వేచ్ఛ సంస్థ, లినక్సు తెరను తెలుగులో చూపే పనికి పూనుకొన్నది. ఉద్యోగానికో చదువుకో విండోస్ తప్పనివాడు, దానిని వదలకుండానే తెలుగు తెరను ఇంట నిలుపుకోవాలంటే రెండవ గది కావాలి. విండోస్‌ను ముందు, లినక్సును తరువాత ఎక్కించమనటంలోని కిటుకు ఇక్కడే ఉంది. విండోస్ వెనుక వస్తే, పాత యంత్రాలలో ఆ 446 బైట్లను అడగకుండానే తుడిచి తనవి రాసుకొనేది. లినక్సు వెంట వచ్చే గ్రబ్ అనే గుమాస్తా అయితే ఇద్దరి పేర్లూ తెరమీద చూపి, ఎవరు కావాలని అడుగుతుంది.

తరువాత వచ్చిన యు.ఇ.ఎఫ్.ఐ. పద్ధతిలో సాధారణంగా 128 గదులు. గదుల కరువు తీరింది గాని వాకిట తనిఖీ మొదలయింది. 2012లో విండోస్ 8తో వ్యాపించిన సెక్యూర్ బూట్ ప్రకారం, గుర్తించిన ముద్ర ఉన్న కార్యక్రమమే లోపలికి పోగలదు. లినక్సు పంపిణీదారులలో పెక్కుమంది నాటినుంచి తమ ఆరంభ కార్యక్రమానికి మైక్రోసాఫ్టు ముద్రనే వేయించుకొని వస్తున్నారు.